తలకి దెబ్బ తగలని వాళ్లకి కూడా ఇవే లక్షణాలు ఉంటే? ఒక కంకషన్ కేసు

పేషెంట్ 36 ఏళ్ల ఆవిడ, కృష్ణా జిల్లాలో ఒక టౌన్‌లో ప్రైవేట్ జూనియర్ కాలేజీ మ్యాథ్స్ లెక్చరర్. గుర్తుపట్టడానికి వీల్లేకుండా కొన్ని వివరాలు మార్చాను, ఆవిడ పర్మిషన్ తీసుకునే రాస్తున్నా. నా దగ్గరకి వచ్చేసరికి తలకి దెబ్బ తగిలి నాలుగు నెలలైంది, అప్పటికే ఇద్దరు డాక్టర్లని చూశారు, ఒక సీటీ ఒక ఎమ్మారై అయ్యాయి, ఫైలు మీద ఎవరో పెన్నుతో పోస్ట్ కంకషన్ సిండ్రోమ్ (కంకషన్ అంటే తలకి దెబ్బ తగిలి మెదడు పనితీరు కాసేపు తప్పడం, ఆ తర్వాత మిగిలిపోయే బాధలకి ఈ పేరు) అని రాసి కింద రెండు గీతలు గీశారు. గీతలు గీశాక ఇంక ఎవరూ వేరే ఏమీ వెతకలేదు.

జరిగింది ఇది. వాన వెలిసిన పొద్దున స్కూటీ మీద కాలేజీకి వెళ్తుంటే స్పీడ్ బ్రేకర్ దగ్గర బురదలో బండి జారింది, వెల్లకిలా పడ్డారు, హెల్మెట్ ఉంది కానీ తల వెనక భాగం రోడ్డుకి గట్టిగానే తగిలింది. ఒక అర నిమిషం పలకలేదని పక్కన టీ కొట్టు వాళ్లు చెప్పారట. పడిన క్షణం గుర్తు లేదు, ఆటో ఎక్కించడం సగం సగం గుర్తుంది, హాస్పిటల్‌కి వెళ్లేసరికి పూర్తిగా తెలివిలో ఉన్నారు, పేరు ఊరు తేదీ అన్నీ కరెక్ట్‌గా చెప్పారు. ఒక వాంతి. సీటీ నార్మల్. సాయంత్రం దాకా ఉంచి పంపేశారు. అంటే ఇది నిజమైన కంకషనే, అందులో డౌట్ లేదు. స్పృహ తప్పడం 30 నిమిషాల లోపు, గుర్తులేకపోవడం 24 గంటల లోపు, గ్లాస్గో స్కోరు (మనిషి ఎంత స్పృహలో ఉన్నాడో చెప్పే లెక్క) 13 నుంచి 15 మధ్య ఉంటే దాన్ని మైల్డ్ హెడ్ ఇంజురీ అంటాం, ఈవిడది అందులో కూడా తేలిక రకం.

ఇక్కడే ఒక మాట చెప్పేస్తా, ఎందుకంటే కింద రాసేదంతా చదివి తలకి దెబ్బ తగిలితే ఏం కాదులే అనుకునేవాళ్లు ఉంటారు. దెబ్బ తగిలాక రెండు మూడు సార్లు వాంతులైనా, తలనొప్పి గంట గంటకీ పెరుగుతున్నా, మత్తుగా పడిపోతున్నా, ఫిట్స్ వచ్చినా, కాలో చెయ్యో పట్టు తప్పినా, చెవిలోంచో ముక్కులోంచో నీళ్లలాంటిది కారినా, మనిషికి 65 దాటినా, రక్తం పల్చబడే మందులు వాడుతున్నా ఆలస్యం చెయ్యకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఈ కేసు ఆ మొదటి రోజుల గురించి కాదు, అదంతా దాటిపోయి నెలలు గడిచాక మిగిలిపోయే బాధల గురించి.

సరే, మొదటి రోజు నేను ఏమీ అడగకుండా "చెప్పండి మేడం, ఏంటి ఇబ్బంది" అన్నా. ఆవిడ మూడు చెప్పారు. తలనొప్పి, తల తిరగడం, మతిమరుపు. తర్వాత రివర్‌మీడ్ ఫారం ఇచ్చా. 1995 నుంచి ప్రపంచమంతా వాడుతున్న ఫారం అది, 16 లక్షణాలు ఉంటాయి, ఒక్కోదానికి 0 నుంచి 4 దాకా మార్కులు, మొత్తం 64. తలనొప్పి, తల తిరగడం, వికారం, శబ్దం పడకపోవడం, నిద్ర సరిగా లేకపోవడం, నీరసం, చిరాకు, దిగులు, అసహనం, మతిమరుపు, ఏకాగ్రత లేకపోవడం, ఆలోచించడానికి టైం పట్టడం, చూపు మసకబారడం, వెలుతురు పడకపోవడం, ఒకటి రెండుగా కనబడటం, కుదురు లేకపోవడం. నోటితో మూడు చెప్పిన ఆవిడ ఫారంలో 14 టిక్ చేశారు, స్కోరు 41. ఇది ఆవిడ ఒక్కరి విషయమే కాదు, లిస్టు చేతికిస్తే ఎవరికైనా లక్షణాల సంఖ్య పెరుగుతుంది, అబద్ధం చెప్తారని కాదు, ఎవరూ అడగకపోతే మనం పట్టించుకోని బాధలు చాలా ఉంటాయి కాబట్టి.

ఆ ఫారంలో ఒక చిన్న మెలిక ఉంది, చాలామంది గమనించరు. 1 వేస్తే "ఉంది, కానీ దెబ్బకి ముందు కూడా ఇంతే ఉండేది" అని అర్థం, లెక్కలోకి తీసుకోం. 2 నుంచే కొత్తగా వచ్చిన లేదా పెరిగిన ఇబ్బంది కింద లెక్క. అంటే ఫారం మొత్తం ఒక్క విషయం మీద నిలబడింది, దెబ్బకి ముందు మీరెలా ఉండేవారో మీకు కరెక్ట్‌గా గుర్తుందా అన్న దాని మీద. ఈవిడ ఒక్క 1 కూడా వెయ్యలేదు. ముందు ఎలా ఉండేవారు అంటే "అస్సలు ఏమీ ఉండేది కాదు డాక్టర్ గారూ, పొద్దున ఐదింటికి లేచి వంట చేసి, పిల్లలకి క్యారేజీలు కట్టి, కాలేజీకి పోయి, సాయంత్రం స్టడీ అవర్ కూడా నేనే చూసేదాన్ని, చురుగ్గా ఉండేదాన్ని" అన్నారు. ఇది విన్నప్పుడు నాకు చురుకుతనం కన్నా ఆ టైం టేబులే ఎక్కువ కనబడింది.

పక్కన ఆవిడ భర్త కూర్చుని ఉన్నారు, ఎరువుల షాపు ఆయనది, 41 ఏళ్లు, తలకి ఎప్పుడూ దెబ్బ తగల్లేదు. ఇంకో ఫారం తీసి ఆయనకిచ్చా. "ముందూ వెనకా పక్కన పెట్టండి, నిన్నటి నుంచి ఇవాళ్టి దాకా మీకు ఏవి ఎంత ఇబ్బందిగా ఉన్నాయో వెయ్యండి చాలు" అన్నా. "నాకెందుకు సార్, నేను బానే ఉన్నాగా" అంటూనే నింపారు. నీరసం 3, నిద్ర 3, చిరాకు 3, తలనొప్పి 2, మతిమరుపు 2, ఏకాగ్రత 2, అసహనం 2, కుదురు లేకపోవడం 2. మొత్తం 19, ఎనిమిది లక్షణాలు. జబ్బులని వర్గీకరించే ఐసీడీ-10 పుస్తకంలో పోస్ట్ కంకషన్ సిండ్రోమ్‌కి కావాల్సిన లక్షణాల భాగం వరకు చూస్తే ఆయన పాస్ అయిపోయారు, తలకి దెబ్బ ఒక్కటే తక్కువ. ఆవిడ ఆ కాగితం చూసి నవ్వాలో కోప్పడాలో తెలీనట్టు మొహం పెట్టారు. రెండు ఫారాలూ ఒకటే అని నేననను, ఆయనది కొత్తగా వచ్చిన బాధల లెక్క కాదు, కానీ నేను చూపించాలనుకున్నది అదే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. తలకి దెబ్బ తగలని మామూలు జనంలో ఈ లక్షణాలు ఎంతమందికి ఉంటాయి అన్నది చాలా చోట్ల లెక్కపెట్టారు. 2003లో కెనడాలో ఐవర్సన్, లాంగ్ అనే ఇద్దరు 104 మంది ఆరోగ్యంగా ఉన్నవాళ్లని ఇలాంటి లిస్టే అడిగారు. తక్కువ స్థాయిలో అయినా సరే ఉంది అన్నవాళ్లు లక్షణాన్ని బట్టి 36 శాతం నుంచి 76 శాతం దాకా ఉన్నారు. 2006లో చైనాలో 124 మంది యూనివర్సిటీ స్టూడెంట్లని అడిగితే నీరసం ఉందన్నవాళ్లు దాదాపు 77 శాతం, ఆలోచించడానికి టైం పడుతోంది అన్నవాళ్లు 60, ఏకాగ్రత కుదరట్లేదన్నవాళ్లు 59 దగ్గర. కుర్రాళ్లు వాళ్లు, ఏ దెబ్బా లేదు. అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రంలో హైస్కూల్ ఆటగాళ్ల లెక్క ఇంకా పెద్దది, 2015లో అచ్చయింది, దాదాపు 32 వేల మంది, గత ఆరు నెలల్లో కంకషన్ లేనివాళ్లు. అందులో అబ్బాయిల్లో 19 శాతం, అమ్మాయిల్లో 28 శాతం మంది లక్షణాలు పోస్ట్ కంకషన్ సిండ్రోమ్ లెక్కకి సరిపోయాయి. ఎవరికి ఎక్కువున్నాయంటే ముందు నుంచి మానసిక సమస్యకి ట్రీట్‌మెంట్ తీసుకున్నవాళ్లు, మైగ్రేన్ ఉన్నవాళ్లు, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, కుదురు ఉండని సమస్య) ఉన్నవాళ్లు.

నాకు వీటన్నిటికన్నా నచ్చేది సిడ్నీ స్టడీ, 2008ది. యాక్సిడెంట్ అయి హాస్పిటల్లో చేరినవాళ్లని రెండు గుంపులుగా తీసుకున్నారు, మైల్డ్ హెడ్ ఇంజురీ అయినవాళ్లు ఒకటి, తలకి ఏమీ కాకుండా వేరే చోట దెబ్బలు తగిలినవాళ్లు ఒకటి. మొదటి రెండు వారాల్లోపే అడిగితే తలకి తగిలినవాళ్లలో 43.3 శాతం మందికి పోస్ట్ కంకషన్ సిండ్రోమ్ లెక్క సరిపోయింది, తలకి తగలనివాళ్లలో 43.5 శాతం. ఒక్క పాయింటు కూడా లేని తేడా, అది కూడా రివర్స్‌లో. నొప్పి, భయం, నిద్ర లేకపోవడం, హాస్పిటల్ వాతావరణం, ఇవి చాలు ఆ లిస్టు నింపడానికి.

అయితే ఇక్కడే కొందరు డాక్టర్లు రెండో వైపు పడిపోతారు, నాకు చిరాకు పుట్టించేది అది. "అందరికీ ఉండేవేనమ్మా, టెన్షన్ తగ్గించుకో" అని బి కాంప్లెక్స్ రాసి పంపేస్తారు. ఆ 2003 స్టడీనే ఇంకో లైను చదివితే సంగతి తెలుస్తుంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో లక్షణాలు ఓ మోస్తరు నుంచి తీవ్రంగా ఉన్నాయి అన్నవాళ్లు 3 నుంచి 15 శాతమే. తేలికగా ఉండటం మామూలు, ఎక్కువగా ఉండటం మామూలు కాదు. ఈవిడ ఫారంలో 3లు 4లే పది ఉన్నాయి. అందరికీ ఉంటాయిలే అన్న మాట ఈవిడ 41కి సరిపోదు. మామూలు జనంలో ఇవి ఎక్కువ అని తెలియడం వల్ల నాకొచ్చే లాభం ఒక్కటే, తల దెబ్బ అనే ఒక్క కారణానికి అన్నీ కట్టెయ్యకుండా ఒక్కో లక్షణాన్ని విడదీసి, మామూలు మనిషికి ఇది ఎందుకొస్తుందో ఆ కారణాలన్నీ వెతకాలని గుర్తొస్తుంది. అదే చేశాం.

తలనొప్పితో మొదలుపెట్టా. ఎలా వస్తుంది అంటే ఒక పక్క, కణతలో కొట్టుకున్నట్టు, వికారం, వెలుతురు పడదు, పిల్లల అరుపులు అస్సలు పడవు, నెలసరి ముందు ఎక్కువ. ఇది మైగ్రేన్ వర్ణన. ముందు ఎప్పుడూ రాలేదా అంటే లేదన్నారు. రెండోసారి వచ్చినప్పుడు ఆవిడ చెల్లెలు తోడొచ్చింది. ఆ అమ్మాయి వింటూ వింటూ ఆగలేక "అదేంటక్కా, ఇంటర్ చదివేటప్పటి నుంచీ తలనొప్పి అని గుడ్డ కట్టుకుని పడుకునేదానివి కదా, నీకు నేనే కదా జండూ బామ్ రాసేదాన్ని" అంది. ఆవిడకి నిజంగానే గుర్తు లేదు. ఇంట్లో పాత కాగితాలు వెతికి తెమ్మంటే మూడేళ్ల కిందటి చీటీ ఒకటి దొరికింది, అందులో ఫ్లూనారిజిన్ రాసి ఉంది, అది మైగ్రేన్ రాకుండా ఇచ్చే మందు. అదే కవర్లో ఏడాది కిందటి రక్త పరీక్ష, హిమోగ్లోబిన్ 9.4.

ఆవిడ దాచారనుకుంటే పొరపాటు. 1992లో మిట్టెన్‌బర్గ్ వాళ్లు దీని మీదే చేశారు. తలకి దెబ్బ తగలనివాళ్లని పిలిచి, మీకు కంకషన్ అయిందనుకోండి, ఆర్నెల్ల తర్వాత ఎలా ఉంటుందో ఊహించి టిక్ చెయ్యండి అంటే, నిజం పేషెంట్లు చెప్పే లిస్టే దాదాపుగా ఊహించి చెప్పారు. ఇంకో సంగతి కూడా బయటపడింది, పేషెంట్లు దెబ్బకి ముందు నాకిన్నే లక్షణాలు ఉండేవి అని చెప్పిన సంఖ్య మామూలు జనంలో ఉండే సంఖ్య కన్నా తక్కువ. అంటే దెబ్బ తగిలాక గతం బంగారంలా కనబడుతుంది. ఏ జబ్బొచ్చినా మనందరం చేసేదే ఇది, జ్వరమొచ్చినప్పుడు మొన్నటిదాకా ఎంత బాగున్నానో అనుకోమూ.

మన దగ్గర మైగ్రేన్, రక్తహీనత ఈ రెండూ ఎంత మామూలో కూడా చెప్పాలి. పక్కనే కర్ణాటకలో బెంగళూరు, చుట్టుపక్కల పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి చేసిన సర్వే 2015లో వచ్చింది, ఏడాదిలో ఒక్కసారైనా తలనొప్పి వచ్చినవాళ్లు దాదాపు 64 శాతం, మైగ్రేన్ లెక్కకి వచ్చేవాళ్లు 25 శాతం. నలుగురిలో ఒకరు. ఇక రక్తహీనత, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత 2019-21లో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం. సగం మందికి పైగా. రక్తం తక్కువైతే ఏముంటుంది? నీరసం, తల తేలిపోయినట్టు ఉండటం, తలనొప్పి, ఏకాగ్రత లేకపోవడం, చిరాకు. రివర్‌మీడ్ ఫారంలో ఐదు గడులు అక్కడే నిండిపోతాయి. ఈ దేశంలో ఆడవాళ్లకి ఆ ఫారం ఇచ్చి హిమోగ్లోబిన్ చూడకపోతే ఆ స్కోరుకి ఏం విలువ ఉందో నాకైతే అర్థం కాదు. ఈవిడకి హిమోగ్లోబిన్ మళ్లీ చేయిస్తే 8.9, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ 7, బాగా తక్కువ. థైరాయిడ్, బీ12 నార్మల్.

తర్వాత మాత్రలు. "నొప్పికి ఏం వేసుకుంటున్నారు" అంటే "మెడికల్ షాపులో ఇచ్చే తలనొప్పి బిళ్లేనండీ, రోజుకొకటి, ఒక్కోరోజు రెండు" అన్నారు. ఎప్పటి నుంచి అంటే దెబ్బ తగిలినప్పటి నుంచి. రెండు మూడు మందులు కలిపిన నొప్పి బిళ్లలు నెలలో పది రోజులకి మించి మూడు నెలలకి పైగా వాడితే ఆ బిళ్లే తలనొప్పి తెచ్చిపెడుతుంది, మైగ్రేన్ ఉన్నవాళ్లకి మరీను. ఉత్త పారాసెటమాల్ అయితే నెలకి 15 రోజులు ఆ గీత. ఈవిడ రెండు గీతలూ దాటేశారు. ఆ పైన పొద్దున్నే స్ట్రాంగ్ టీ, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఇంకోటి.

తల తిరగడం దగ్గర మాత్రం ఆగాలి, ఎందుకంటే ఇది వేరే. ఎప్పుడు తిరుగుతుంది అని విడమర్చి అడిగితే మంచం మీద కుడి పక్కకి తిరిగినప్పుడు, పై అరలోంచి డబ్బా తీయడానికి తల పైకెత్తినప్పుడు, గది గిర్రున తిరిగినట్టు అర నిమిషం, మళ్లీ ఏం ఉండదు. బల్ల మీద కూర్చోబెట్టి తల కుడికి తిప్పి గబుక్కున వెనక్కి పడుకోబెట్టా, రెండు మూడు సెకన్లు ఆగి కళ్లు గుండ్రంగా కొట్టుకోవడం మొదలైంది, కాసేపటికి ఆగింది. లోపలి చెవిలో చిన్న సున్నపు రేణువులు ఉండాల్సిన చోటు నుంచి జారి అర్ధచంద్రాకారపు గొట్టంలోకి పోతే వచ్చే తల తిరుగుడు ఇది, తలకి దెబ్బ తగలడం దీనికి బాగా తెలిసిన కారణం. అంటే 14 లక్షణాల్లో దెబ్బకి నేరుగా కట్టగలిగింది ఇది, దీనికి మందు కూడా అక్కర్లేదు, తలని ఒక వరసలో తిప్పే ఎప్లీ మాన్యువర్ చాలు, అక్కడే చేశా. నాలుగు నెలలుగా ఈవిడ తల తిరుగుడు మాత్ర మింగుతున్నారు, బల్ల మీద పడుకోబెట్టి చూసినట్టు ఫైల్లో ఎక్కడా లేదు.

మతిమరుపు. క్లాసులో ఇంటిగ్రేషన్ చెప్తూ మధ్యలో తర్వాతి స్టెప్పు తట్టక బోర్డు ముందు నిలబడిపోయానని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. పరీక్షలు చేస్తే అంకెలు వెనక నుంచి చెప్పడం, పదాలు గుర్తుపెట్టుకోవడం, వేగం, అన్నీ ఆ వయసుకి ఆ చదువుకి తగ్గట్టే ఉన్నాయి. డిప్రెషన్ ఫారం పీహెచ్‌క్యూ-9లో 27కి 12 వచ్చింది, ఓ మోస్తరు. అందులోనూ నిద్ర, నీరసం, ఏకాగ్రత ప్రశ్నలే ఉంటాయి కాబట్టి ఆ 12 మొత్తం డిప్రెషనే అని కూడా నేననుకోలేదు, కానీ దిగులు నిజమే, బెంగ నిజమే.

బెంగకి కారణం ఎమ్మారై రిపోర్టు. తెల్ల పదార్థంలో అక్కడక్కడా చిన్న మచ్చలు, ఫలానా జబ్బని చెప్పలేనివి అని రాశారు. మైగ్రేన్ ఉన్నవాళ్లలో ఇవి తరచూ కనబడేవే, దెబ్బ తగిలి రక్తం చిమ్మిన గుర్తులు చూపించే సీక్వెన్స్ నార్మల్‌గానే ఉంది. కానీ ఆవిడ ఆ లైను ఫోన్లో ఫోటో తీసి రోజూ చూసుకుంటున్నారు, మెదడులో మచ్చలు పడ్డాయి అని చుట్టాలందరికీ తెలిసిపోయింది.

ఇంట్లో జరిగిన సేవ కూడా చెప్పకపోతే కేసు పూర్తి కాదు. అత్తగారు మంచావిడ, కోడలిని కదలనివ్వలేదు. చీకటి గది, ఫోన్ వద్దు, టీవీ వద్దు, వారాల తరబడి తలస్నానం వద్దు తలలో నీరు చేరుతుందని, వంట వద్దు, మేడ మెట్లు వద్దు. మొదటి డాక్టరు రెస్ట్ అన్నాడు, ఎన్నాళ్లో చెప్పలేదు, వీళ్లు నాలుగు నెలలు చేశారు. ఇప్పుడు అందరూ ఒప్పుకున్న పద్ధతి వేరు, మొదటి ఒకటి రెండు రోజులు మాత్రమే నెమ్మదిగా ఉండటం, తర్వాత నడక లాంటివి మొదలుపెట్టి బాధ కొంచెం పెరిగితే తగ్గించుకుంటూ ముందుకెళ్లడం. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కూర్చున్న స్పోర్ట్స్ కంకషన్ నిపుణులు కూడా ఇదే చెప్పారు. ఆరోగ్యంగా ఉన్న మనిషిని తీసుకెళ్లి నెలల తరబడి చీకటి గదిలో పగలు పడుకోబెడితే రాత్రి నిద్ర పోతుంది, ఒళ్లు బరువెక్కుతుంది, చిన్న శబ్దానికి ఉలిక్కిపడతాడు, దానికి కంకషన్ అక్కర్లేదు.

ఇంక అసలు కష్టమైన పని, ఇది ఆవిడకి చెప్పడం. భర్త ఫారం చూపించి, మామూలు జనంలో లెక్కలు చెప్పగానే ఆవిడ మొహం మారిపోయింది. "అంటే ఏంటి డాక్టర్ గారూ, నాకేం లేదంటారా? నాటకాలు ఆడుతున్నాననా?" అన్నారు. ఆవిడ కోపం న్యాయమైనదే. ఇలాంటి కేసుల్లో నష్టపరిహారం కోసం చెప్తారు అనే గొణుగుడు మా వృత్తిలో ఎప్పుడూ ఉంది. ఈవిడది తనంతట తను జారిపడిన బండి, క్లెయిమ్ లేదు కేసు లేదు, సెలవు పెట్టిన రోజులకి జీతం కూడా లేదు. లిథువేనియాలో అలాంటి బీమా ఆశలు పెద్దగా లేని చోట చేసిన స్టడీల్లో కంకషన్ అయినవాళ్లకీ, వేరే చోట చిన్న దెబ్బలు తగిలినవాళ్లకీ తర్వాత తలనొప్పిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు, మెదడు దెబ్బతిందేమో అన్న బెంగ మాత్రం తలకి తగిలినవాళ్లలో ఎక్కువ ఉంది. ఇది ఆవిడకి చెప్పా.

తర్వాత నాకు తట్టింది, ఈవిడ మ్యాథ్స్ లెక్చరర్ కదా అని. "మేడం, సెకండియర్ టూ ఏలో బేస్ థీరం మీరే చెప్తారు కదా" అన్నా. "చెప్తాను, ఏ?" అన్నారు. "కంకషన్ అయితే ఈ లక్షణాలు వచ్చే సంభావ్యత ఎంత అన్నది ఒక ప్రశ్న, ఈ లక్షణాలుంటే అవి కంకషన్ వల్లే అయ్యే సంభావ్యత ఎంత అన్నది ఇంకో ప్రశ్న, మనం ఇప్పటిదాకా మొదటిదానికి జవాబు తెలుసుకుని రెండోదానికి రాసేస్తున్నాం" అన్నా. ప్రిస్క్రిప్షన్ ప్యాడ్ వెనక సిడ్నీ అంకెలు రాసిచ్చా, 43.3, 43.5. ఆవిడ పెన్ను తీసుకుని రెండు నిమిషాలు చూశారు. "రెండు వైపులా ఒకటే అంకె అయితే పైనా కిందా కొట్టుకుపోతుంది కదండీ, ఈ లిస్టు చూసి ఏమీ తేల్చలేం" అన్నారు. అంతే మేడం అన్నా. "మరి ఎట్లా తేలుస్తారు" అన్నారు. లిస్టు పక్కన పెట్టి ఒక్కో లక్షణానికీ పరీక్ష చేసి అన్నా. ఆ తర్వాత నాటకాలు అన్న మాట మళ్లీ రాలేదు. అందరు పేషెంట్లకీ ఇలా చెప్పలేం అనుకోండి, ఇది ఈవిడకి పనిచేసింది.

ట్రీట్‌మెంట్ పెద్ద గొప్పదేం కాదు. ఆ కలిపిన నొప్పి బిళ్ల ఆపించాం, మొదటి రెండు వారాలు తలనొప్పి ఇంకా పెరుగుతుందని ముందే గట్టిగా చెప్పా, ఎందుకంటే చెప్పకపోతే మూడో రోజు మళ్లీ మెడికల్ షాపుకి వెళ్తారు. ఆ గ్యాప్‌కి కొద్దిరోజులు నాప్రోక్సెన్, రాత్రికి చిన్న డోసు అమిట్రిప్టిలిన్, అది మైగ్రేన్‌కీ నిద్రకీ రెండిటికీ పనికొస్తుంది, నోరెండిపోతుందని కంప్లైంట్ చేశారు, ఓర్చుకోమన్నా. ఐరన్ మాత్ర నిమ్మరసంతో, టీకి దూరంగా, మధ్యాహ్నం తర్వాత టీ బంద్. నెలసరి ఎక్కువగా పోతోందని తేలింది కాబట్టి గైనకాలజిస్ట్ దగ్గరకి పంపా, గర్భసంచిలో చిన్న ఫైబ్రాయిడ్ గడ్డ ఉందట, అది వాళ్లు చూస్తున్నారు. గది కిటికీలు తెరిచేయమన్నా, తలస్నానం చెయ్యమన్నా, అత్తగారిని ఎదురుగా కూర్చోబెట్టే చెప్పా, లేకపోతే ఇంటికెళ్లాక నా మాట చెల్లదు. రోజూ పొద్దున నడక, ఒగర్పు వచ్చే దాకా కాదు, మాట్లాడుతూ నడవగలిగినంత. కాలేజీకి మొదట సగం పూట, రెండు పీరియడ్లు, స్టడీ అవర్ లేకుండా. ప్రిన్సిపాల్‌కి లెటర్ రాసిచ్చా. ఎమ్మారై ఫోటో ఫోన్లోంచి నా ముందే డిలీట్ చేశారు, అది నేను అడగలేదు.

ఎప్లీ రెండోసారి చేశాక గిర్రున తిరగడం పూర్తిగా పోయింది. తలనొప్పులు ఆరు వారాలకి సగమయ్యాయి, మూడు నెలలకి నెలలో మూడు నాలుగు, అవి కూడా నెలసరి దగ్గర. హిమోగ్లోబిన్ 11.6. ఫుల్ టైం పాఠాలు చెప్తున్నారు, స్టడీ అవర్ మాత్రం వేరేవాళ్లకి వదిలేశారు, మళ్లీ తీసుకోవద్దనే నేనూ అన్నా. అప్పుడు ఫారం మళ్లీ ఇస్తే ఈసారి 1లు కూడా వేశారు, చాలానే వేశారు, తలనొప్పికి, నీరసానికి, చిరాకుకి. అవి తీసేశాక స్కోరు 6. ఫెరిటిన్ ఇంకా తక్కువే కాబట్టి హిమోగ్లోబిన్ నార్మల్‌కి వచ్చాక కూడా మూడు నెలలు ఐరన్ వాడాలి. అమిట్రిప్టిలిన్ సెలవుల్లో తగ్గిద్దాం అనుకున్నాం, పరీక్షల సీజన్‌లో ముట్టుకోం.

"సున్నా ఎప్పుడొస్తుంది" అని అడిగారు. రాదు మేడం, నాకూ రాదు అన్నా.

ఇక ఆ 19 స్కోరు ఆయన సంగతి. అన్ని విజిట్లకీ వచ్చారు కాబట్టి ఒకరోజు ఆయన్నీ బల్లెక్కించా. బీపీ 152/96, మెడ లావు, రాత్రి గురక పక్కింటికి వినబడుతుందని ఆవిడే చెప్పారు, పగలు షాపులో కౌంటర్ మీద కునుకు తీస్తున్నారట. స్లీప్ స్టడీ రాసి వేరే ఫైలు తెరిచాం. యూరియా సీజన్ అయ్యాక చేయించుకుంటా సార్ అన్నారు, ఇంకా చేయించుకోలేదు.